గుజ్జనగూళ్ళు, రాగి బిస్కట్లు

తెలుగు ఇళ్ళలో పిల్లలు ఆడుకొనే ఆటలలో గుజ్జనగూళ్ళు చాలా పాతవి. లక్కపిడతలలో ఇసుకనో, అటుకులనో, చిన్న బెల్లం ముక్కనో వేసి వండినట్లు నటించి, ఆకులలో వడ్డించి, బొమ్మలకూ తోటిపిల్లలకూ పెట్టే ఆ ఆటను పెద్దలు ముచ్చటగా చూస్తారు గాని, అదే పిల్ల నిజమైన వంటగదిలోకి వచ్చి పిండిలో చేయి పెట్టబోతే మాత్రం కాలుతుందని చెప్పి అవతలికి పంపిస్తారు. ఆ అదలింపులో న్యాయం లేకపోలేదు. అరిసె తట్టిన చేయి వెంటనే కాగే నూనెలో దానిని వదలాలి, జంతికల గొట్టం మూకుడు మీదనే తిరగాలి, కాబట్టి మన పిండివంటలలో చాలావాటిలో చేతిపని, మంట ఒకే క్షణంలో, ఒకే చోట కలిసి ఉంటాయి. బేకింగ్ అని నేడు అందరూ పిలిచే పద్ధతిలో ఈ రెండూ విడిపోతాయి. పిండి కలపడం, ఉండలు చుట్టడం, అచ్చు నొక్కడం చల్లని పీట ముందు తీరికగా జరిగిపోతాయి. వేడి ఆ తరువాత వస్తుంది, అది పూర్తిగా పెద్దల చేతిలో ఉంటుంది. పసిపిల్లలతో కలిసి చేయదగిన వంటగా బేకింగుకు ఉన్న యోగ్యత అంతా ముఖ్యంగా ఈ ఒక్క తేడా మీద ఆధారపడి ఉంది.

బేకింగ్ అంటే నీరు గాని నూనె గాని మాధ్యమంగా లేకుండా, మూసిన అరలోని పొడి వేడితో పదార్థాన్ని ఉడికించి కాల్చడం. ఇడ్లీ వంద డిగ్రీల సెల్సియస్ ఆవిరిలో ఉడుకుతుంది, అందుకే తెల్లగా, మెత్తగా ఉంటుంది. బిస్కట్టు నూట అరవై, నూట ఎనభై డిగ్రీల మధ్య కాలుతుంది, అందుకే దాని పైభాగం ఎండి, రంగు తిరిగి, కమ్మని వాసన వస్తుంది. పిండిలోని మాంసకృత్తులూ చక్కెరలూ అధిక వేడిలో పరస్పరం చర్య జరపడం వల్ల కలిగే ఆ రంగు, వాసనల మార్పును 1912లో వివరించిన ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లూయీ కమీల్ మెయార్ పేరు మీదుగా మెయార్ చర్య అంటారు. ఓవెన్ అనే పెట్టె మన ఇళ్ళకు కొత్తదే అయినా ఈ పొడి వేడి కొత్తది కాదు. చిలగడదుంపలను నిప్పుల కుమ్ములో పెట్టడం, మినపరొట్టెను మందపాటి గిన్నెలో పోసి కుంపటి మీద ఉంచి మూత మీద కూడా నిప్పులు వేయడం, రెండువైపుల నుంచీ వేడి అందించే ఈ ఏర్పాట్లన్నీ ఓవెనుకు చుట్టాలే. తెలంగాణలో సర్వపిండి అనీ, గిన్నప్ప అనీ, తపాలచెక్క అనీ ఊరికొక పేరుతో పిలిచే వంటకంలో బియ్యప్పిండి ముద్దను గుండ్రని గిన్నె లోపలివైపు పలుచగా ఒత్తి, వేలితో అక్కడక్కడా చిల్లులు పెట్టి, కొద్దిగా నూనె వేసి, మూతపెట్టి కాలుస్తారు. చల్లని గిన్నెలో ఆ ముద్దను ఒత్తడం, ఆ చిల్లులు పెట్టడం నాలుగేళ్ళ పిల్లకు ఇచ్చి చూసిన ఇంట్లో, ఆ పని కోసం పిల్లలు పోటీ పడకుండా ఉండడం అరుదు.

పసిచేతులకు నిజమైన పని కావాలన్న విషయాన్ని విద్యాశాస్త్రంలో గట్టిగా నిలబెట్టిన వ్యక్తి ఇటలీ దేశపు వైద్యురాలు మరియా మాంటిస్సోరి. ఆమె 1907లో రోమ్ నగరపు శాన్ లోరెంజో పేటలో కార్మికుల పిల్లల కోసం ప్రారంభించిన బాలల ఇంటిలో నీళ్ళు వంపడం, బల్ల తుడవడం, గిన్నెలు కడగడం వంటి పనులకు చదువులో భాగంగా చోటు కల్పించి, వాటికి నిత్యజీవన కృత్యాలని పేరు పెట్టారు. 1939లో మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానం మీద వచ్చిన ఆమె రెండవ ప్రపంచ యుద్ధం కారణంగా 1946 వరకు ఈ దేశంలోనే ఉండి, వందలాది ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. ఆంధ్ర జిల్లాలకు కూడా రాజధానిగా ఉన్న ఆనాటి మద్రాసు నుంచి సాగిన ఆ శిక్షణ ఫలితంగా ఆమె పేరు పట్టణాల్లోని బడుల బోర్డుల మీదికి ఎక్కింది. ఆమె చెప్పిన పని మాత్రం అంతగా లోపలికి వెళ్ళలేదని ఒప్పుకోవలసి ఉంటుంది. మూడేళ్ళ పిల్లకు అక్షరాలు దిద్దబెట్టాలని తొందరపడే ఇంట్లోనే, ఆ అక్షరాలను దిద్దవలసిన వేళ్ళకు బలాన్నీ పట్టునూ ఇచ్చే పిండి పిసకడం చిల్లర పనిగా కనిపిస్తుంది.

కొలతల విషయంలో వంటగది ఇంకా పెద్ద బడి. ఒకే పరిమాణంలో ఉన్న నీళ్ళను వెడల్పు గ్లాసు నుంచి సన్నని పొడవాటి గ్లాసులోకి వంపితే, ఏడేళ్ళలోపు పిల్లలలో చాలామంది నీళ్ళు ఎక్కువయ్యాయని చెబుతారని స్విస్ మనస్తత్వవేత్త జాన్ పియాజే చూపించాడు. ఆకారం మారినా పరిమాణం మారదన్న ఆ జ్ఞానం ఉపన్యాసంతో రాదు, వంపి చూస్తేనే వస్తుంది. మన పాత కొలపాత్రలు ఈ పనికి చక్కగా ఉపయోగపడతాయి: రెండు గిద్దలు అరసోల, రెండు అరసోలలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, ఇలా ప్రతి మెట్టులోనూ రెట్టింపయ్యే ఆ వరుసను అటక మీద నుంచి దింపి పిండి కొలవడానికి పిల్లల చేతికి ఇస్తే, సగం, పావు అనే మాటలకు చేతికి తగిలే అర్థం ఏర్పడుతుంది.

ఇక పిండి స్వభావం తెలియకుండా బేకింగ్ సాగదు. గోధుమపిండిని నీటితో కలిపి పిసికినప్పుడు అందులోని గ్లూటెనిన్, గ్లయాడిన్ అనే రెండు మాంసకృత్తులు పెనవేసుకొని సాగే గుణం గల వలలా ఏర్పడతాయి. దానినే గ్లూటెన్ అంటారు. రొట్టె ఉబ్బి నిలబడడానికి ఆ వల అవసరం, బిస్కట్టు గుల్లగా విరగడానికి అది తక్కువగా ఉండడం అవసరం. నెయ్యి పిండిరేణువులకు పూతలా పట్టి నీటిని వాటి దగ్గరకు రానివ్వకపోవడం వల్ల వల సరిగా అల్లుకోదు, అందుకే నెయ్యి తగినంత పడిన బిస్కట్టు నోట్లో కరిగిపోతుంది. రాగి, జొన్న, సజ్జ పిండ్లలో గ్లూటెన్ అసలే ఉండదు కాబట్టి వాటితో మాత్రమే చేసిన బిస్కట్టు పట్టుకోగానే పొడి అవుతుంది. సగం గోధుమపిండి కలపడం, లేదా గుడ్డును గాని మగ్గిన అరటిపండును గాని చేర్చడం దీనికి విరుగుడు. వంటసోడా పెరుగు, మజ్జిగ, నిమ్మరసం వంటి పులుపుతో కలిసినప్పుడు బొగ్గుపులుసు వాయువును విడుదల చేస్తుంది, ఆ బుడగలే కేకును పొంగిస్తాయి. సోడానూ, పొడిరూపంలో ఉన్న పులుపునూ ముందే కలిపి ఉంచి, తడి తగిలినప్పుడు పనిచేసేలా చేసిన మిశ్రమమే బేకింగ్ పౌడర్. గుడ్లు గాని ఈస్టు గాని పడని తన భార్య కోసం ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరపు ఔషధ రసాయన నిపుణుడు ఆల్‌ఫ్రెడ్ బర్డ్ 1843లో దానిని రూపొందించాడు. చెంచాడు సోడాను పెరుగు గిన్నెలో వేసి బుడగలు పొంగడం పిల్లలకు చూపించడానికి రెండు నిమిషాలు పడుతుంది, ఆ రెండు నిమిషాలలో వారు అడిగే ప్రశ్నలకు ఒక పూట చాలదు.

పిల్లలతో మొదలుపెట్టడానికి రాగి బిస్కట్టుకు మించినది లేదు. నూరు గ్రాముల రాగిపిండిని సన్నని సెగ మీద పచ్చివాసన పోయేదాకా వేయించి చల్లార్చి, నూరు గ్రాముల గోధుమపిండి, అరచెంచా బేకింగ్ పౌడర్, కాస్త యాలకుల పొడి కలిపి జల్లించడంతో పని ప్రారంభమవుతుంది. వేయించడం పెద్దల పని, జల్లించడం పిల్లల పని, నేల మీద పడిన పిండిని చూసి విసుక్కోకపోవడం మళ్ళీ పెద్దల పని. తొంభై గ్రాముల పేరిన నెయ్యిని, డెబ్బై గ్రాముల బెల్లం తురుముతో కలిపి చేత్తో మెదిపితే నెయ్యి తేలికై రంగు తగ్గుతుంది; అప్పుడు జల్లించిన పిండిని కొద్దికొద్దిగా చేర్చి, ముద్ద కట్టడానికి రెండు మూడు చెంచాల పాలు మాత్రమే చిలకరించాలి. పాలు ఎక్కువైతే బిస్కట్టు గట్టిపడుతుంది. ఈ ముద్దతో చిన్న నిమ్మకాయంత ఉండలు ఇరవై నాలుగు వస్తాయి. ఒక్కొక్క ఉండను అరచేతుల మధ్య తిప్పి, పళ్ళెంలో ఎడంగా పెట్టి, బొటనవేలితో మధ్యలో నొక్కితే అచ్చులు కొననవసరం లేదు; ఆ వేలిముద్ర చూసి ఏ బిస్కట్టు ఎవరిదో పిల్లలు తరువాత గుర్తుపట్టగలుగుతారు.

పిల్లల చేతిలో ఉండలన్నీ ఒకే ప్రమాణంలో రావు, రావాలని ఆశించడం తగదు. గోలికాయంత ఉండ మాడే సమయానికి జామకాయంత ఉండ లోపల పచ్చిగానే ఉంటుంది కాబట్టి, చాలా ఓవెన్లలో వేడి ఎక్కువగా ఉండే అంచులలో పెద్దవాటినీ, మధ్యలో చిన్నవాటినీ అమర్చడం, మరీ చిన్నవి ముందుగా తీసివేయడం తెలివైన పద్ధతి. ముందే వేడెక్కించిన ఓవెనులో నూట డెబ్బై డిగ్రీల దగ్గర పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు చాలు. రాగిపిండికి సహజంగానే ముదురు రంగు ఉంటుంది కాబట్టి, మైదా బిస్కట్టును రంగు చూసి దింపినట్లు దీనిని దింపడం కుదరదు. అంచు గట్టిపడి, నెయ్యి, బెల్లం కాలిన కమ్మని వాసన వచ్చినప్పుడు దింపాలి. వేడిగా ఉన్నప్పుడు అది మెత్తగా, విరిగిపోయేలా ఉంటుంది. ఉడకలేదని భావించి మళ్ళీ లోపల పెట్టిన వారికి మిగిలేది మాడిన బిస్కట్టే. పావుగంట ఆరితే అదే కరకరలాడుతుంది. ఆ పావుగంట ఆగడం పిల్లలకు ఈ పనిలో అన్నిటికంటే కష్టమైన పాఠం.

ఇంటి వంట అన్నంత మాత్రాన దానికి లేని మహిమలు అంటగట్టరాదు. 1918లో కూనూరులో ప్రారంభమై 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల ప్రకారం నూరు గ్రాముల రాగులలో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. ఇది గోధుమలలో ఉన్నదానికి ఎన్నో రెట్లు. అయితే నూరు గ్రాముల రాగిపిండిని ఇరవై నాలుగు బిస్కట్లకు పంచితే ఒక్కొక్కదానికి వచ్చేది నాలుగు గ్రాములే, అంటే సుమారు పదిహేను మిల్లీగ్రాముల కాల్షియం. నాలుగు నుంచి ఆరేళ్ళ పిల్లలకు రోజుకు 550 మిల్లీగ్రాములు కావాలి. కాబట్టి రాగి బిస్కట్టు పాలకూ, రాగిసంకటికీ, ఆకుకూరలకూ బదులు కాజాలదు. అది చిరుతిండి, అయితే ఏ పదార్థాలతో తయారైందో ఇంట్లో అందరికీ తెలిసిన చిరుతిండి, మూడో ఏడు నుంచే రాగి రుచికి నాలుకను అలవాటు చేసే చిరుతిండి. ఇంతకు మించి చెప్పడం అతిశయోక్తి అవుతుంది.

తీపి విషయంలోనూ ఇదే నిజాయితీ అవసరం. బెల్లం ఆరోగ్యం, చక్కెర అనారోగ్యం అన్న మాట తల్లులలో బాగా పాతుకుపోయింది గాని, రోజువారీ శక్తిలో పది శాతానికి మించరాదనీ, ఐదు శాతానికి లోపల ఉంటే ఇంకా మేలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించిన అదనపు చక్కెరల లెక్కలోకి బెల్లం, తేనె కూడా వస్తాయి. నాలుగు నుంచి ఆరేళ్ళ పిల్లలకు రోజుకు సుమారు 1360 కిలోక్యాలరీలు కావాలనుకుంటే, అందులో పది శాతం ముప్పై నాలుగు గ్రాములు, ఐదు శాతం పదిహేడు గ్రాములు. పైన చెప్పిన కొలతలో ఒక్కొక్క బిస్కట్టుకు మూడు గ్రాముల బెల్లం పడుతుంది, కనుక రెండు తిన్నా ఆరు గ్రాములు. ఇంటి బేకింగులోని అసలైన లాభం ఇక్కడ ఉంది: తీపి కొలత ఇంటివారి చేతిలో ఉంటుంది, దానిని వారం వారం ఐదేసి గ్రాములు తగ్గించుకుంటూ పోతే పిల్లల నాలుకకు తెలియకుండానే అలవాటు మారుతుంది. కొవ్వు విషయం కూడా అంతే. వనస్పతిలో నూనెను గట్టిపరిచే క్రమంలో పుట్టే ట్రాన్స్ కొవ్వు గుండెకు హానికరం కావడంతో, నూనెలలో, కొవ్వులలో దానిని రెండు శాతానికి పరిమితం చేసే నిబంధన 2022 జనవరి నుంచి దేశంలో అమలులోకి వచ్చింది. ఇంట్లో నెయ్యి గాని వెన్న గాని వాడేవారికి వనస్పతితో పనే లేదు. ఒక బిస్కట్టులో నాలుగు గ్రాములకు దగ్గరగా నెయ్యి ఉందన్న సంగతి మాత్రం మరచిపోకుండా, డబ్బాను పిల్లలకు అందని ఎత్తులో పెట్టుకోవాలి.

రెండేళ్ళలోపు పిల్లలకు చేర్చిన తీపి అవసరమే లేదు. వారి కోసం చేసే కేకులో బెల్లం బదులు తొక్క మీద నల్లమచ్చలు పడేదాకా మగ్గిన అరటిపండ్లు సరిపోతాయి: మూడు పండ్లను పిల్లల చేతనే మెదిపించి, ముప్పావు కప్పు పెరుగు, నాలుగు చెంచాల నూనె, అరచెంచా వంటసోడా, నూట యాభై గ్రాముల గోధుమపిండి కలిపి, ఆలస్యం చేయకుండా నెయ్యి రాసిన గిన్నెలో పోసి, నూట డెబ్బై డిగ్రీల దగ్గర ముప్పై ఐదు, నలభై నిమిషాలు ఉంచి, శుభ్రమైన ఈనెపుల్ల గుచ్చి చూసి అంటుకోకుండా వస్తే దింపవచ్చు. పిండి పడిన తరువాత అతిగా కలిపితే గ్లూటెన్ గట్టిపడి కేకు రబ్బరులా సాగుతుంది. ఏడాది నిండని శిశువులకు బాట్యులిజం అనే విషజబ్బు ప్రమాదం ఉంది కాబట్టి తేనె ఏ రూపంలోనూ పెట్టరాదు. ఐదేళ్ళలోపు పిల్లలకు జీడిపప్పు, బాదం, వేరుశెనగ పలుకులు గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉంది, అందువల్ల వాటిని పొడి చేసి మాత్రమే కలపాలి. పచ్చి పిండిముద్దను పిల్లలు నాకకుండా చూడాలి. పచ్చి గుడ్డులోనే కాక పచ్చి పిండిలో కూడా కడుపును పాడుచేసే సూక్ష్మజీవులు ఉండే అవకాశం ఉంది.

ఓవెన్ లేకపోవడం అడ్డంకి కాదు. అమెరికాలోని తెలుగు ఇళ్ళలో పొయ్యితోపాటే అమరి ఉండే ఓవెన్ ఇక్కడ ప్రతి ఇంట్లోనూ లేదు. మందపాటి అడుగు ఉన్న పాత ఇడ్లీపాత్రలోనో, డేగిసాలోనో అంగుళం మందాన ఉప్పు గాని శుభ్రమైన ఇసుక గాని పరచి, దాని మీద చిన్న కుదురు పెట్టి, మూతతో పది నిమిషాలు మధ్యస్థపు సెగ మీద వేడిచేసిన తరువాత బిస్కట్ల పళ్ళేన్ని కుదురు మీద ఉంచి, సెగ తగ్గించి ఇరవై నుంచి ఇరవై ఐదు నిమిషాలు ఉంచితే పని జరుగుతుంది. దీనికి ప్రెషర్ కుక్కరు వాడేవారు రబ్బరు గాస్కెట్టును, విజిల్‌ను తప్పనిసరిగా తీసివేయాలి. నీరు లేని ఖాళీ వేడికి కుక్కరు పాడయ్యే అవకాశం ఉన్నందువల్ల ఆ పనికి పాతబడిన గిన్నెను కేటాయించడమే మంచిది. నాన్‌స్టిక్ పాత్రలను ఈ పొడి వేడికి వాడరాదు. పొయ్యి వెలిగించిన క్షణం నుంచి పళ్ళెం చల్లారేదాకా పిల్లల స్థానం పొయ్యికి నాలుగు అడుగుల దూరంలోనే. ఈ నియమానికి సడలింపు ఉండరాదు.

రెండు నుంచి ఆరేళ్ళ మధ్య పిల్లలు కొత్త రుచిని అనుమానంతో చూస్తారు, ఒక పదార్థాన్ని అంగీకరించే ముందు దానిని పది పదిహేను సార్లు చూసి, తాకి, వాసన చూసి, రుచి చూడవలసి రావచ్చు. పిండి పిసికే సమయంలో ఈ పరిచయం బలవంతం లేకుండా జరిగిపోతుంది. తినిపించాలనే పట్టుదలతో పిల్లల వెంట పళ్ళెం పట్టుకొని తిరిగే పెద్దలు, తాను చుట్టిన ఉండను తానే కొరికి చూసే పిల్లను చూస్తే ఆ ప్రయాసలో సగం అనవసరమని గ్రహిస్తారు. మొదటిసారి ఫలితం బాగుండకపోవచ్చు. బిస్కట్టు విరిగితే పాలలో వేసుకోవచ్చు.

ఈ ఆదివారం వీలు చూసుకొని, నేల మీద పాత చీర ఒకటి పరచి, గిద్దను, సోలను, రాగిపిండి పళ్ళేన్ని పిల్లల ముందు పెట్టండి. వాళ్ళు చుట్టిన ఉండ వంకరగా ఉంటే దానిని తిరిగి గుండ్రంగా చేయకండి. ఆ ఆకారంలోనే కాల్చి, ఆ పిల్లకే ఇవ్వండి.